రెండుసార్లు విప్పిన వీటెక్ ఇంజన్

విజయవాడ కానూరులో మా ఇంటి పోర్టికో పొడవు పద్దెనిమిది అడుగులు, వెడల్పు పది. కారు పెడితే ఒక పక్క మనిషి నడిచేంత జాగా మిగులుతుంది. ఫిబ్రవరి నుంచి జూలై దాకా ఆ జాగాలోనే 2001 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్ ఇంజన్ని నేను రెండుసార్లు విప్పి కట్టాను. మొదటిసారి విప్పింది పొగ ఆపడానికి. రెండోసారి విప్పాల్సి వచ్చింది మాత్రం, మొదటిసారి నేను తీసుకోకుండా వదిలేసిన ఒక్క కొలత వల్ల.

ఈ బండి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. 2000లో మన రోడ్ల మీదికి వచ్చి, 2003 చివర్లో కొత్త సిటీ రాగానే ఆగిపోయిన మోడల్ ఇది. 1493 సీసీ, 106 హార్స్ పవర్. దాని తర్వాత అదే పేరుతో వచ్చిన బండిలో 77 హార్స్ పవరే ఉండటంతో, పాతదాన్ని వెతికి కొనుక్కునేవాళ్ళు అప్పట్నుంచే మొదలయ్యారు. ఇవాళ 106 పెద్ద అంకె కాదు. అయితే ఆ శక్తి వచ్చే తీరు వేరు, దాని పేరే వీటెక్. ప్రతి సిలిండరుకీ గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వైపు క్యామ్ షాఫ్టు (వాల్వుల్ని తెరిచే ఇరుసు) మీద మూడు లోబులు, అంటే ఉబ్బులు, ఉంటాయి. అటూ ఇటూ ఉన్న రెండూ మామూలు నడకకి. మధ్యలోది ఎత్తు ఎక్కువ, వాల్వుని ఎక్కువ లోతుకి, ఎక్కువసేపు తెరుస్తుంది. తక్కువ వేగంలో మధ్య రాకర్ ఆర్మ్ (లోబు కదలికని వాల్వుకి అందించే మీట) ఉత్తినే ఆడుతూ ఉంటుంది. ఆర్పీఎం పెరిగాక ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటరు, ఒక సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే కవాటం) తెరుస్తుంది, ఆయిల్ ప్రెషరు రాకర్ల లోపలి పిన్నుల్ని నెడుతుంది, మూడు రాకర్లూ ఒక్కటైపోతాయి. ఆ క్షణం నుంచి ఇంజన్ గొంతు మారిపోతుంది. కాలేజీ రోజుల్లో మా సీనియర్ ఒకరి బండిలో బెంజ్ సర్కిల్ నుంచి గన్నవరం దాకా వెళ్ళినప్పుడు ఆ గొంతు మొదటిసారి విన్నాను. ఇరవై ఏళ్ళు దాటినా చెవిలో ఉంది.

నాది బ్యాంకు ఉద్యోగం. చదివింది మెకానికల్ డిప్లొమా. చేతికి గ్రీజు అంటి చాలా ఏళ్ళయింది. గుంటూరులో ఒక డాక్టరుగారి దగ్గర సింగిల్ ఓనర్ బండి ఉందని తెలిసి వెళ్ళి చూశాను. లక్షా ముప్పై ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. బాడీకి తుప్పు లేదు, గేర్లు బాగా పడుతున్నాయి. సెల్ఫ్ కొట్టగానే వెనక నీలం పొగ ఒక బుస వచ్చి ఆగింది. డాక్టరుగారు దాచలేదు. "ఆయిలు తాగుతోందండీ, ఆరేడు వందల కిలోమీటర్లకి లీటరు పోస్తున్నాను" అన్నారు. అదే నాకు ధైర్యం ఇచ్చింది. జబ్బేమిటో తెలిసిన బండి జబ్బు లేదని చెప్పే బండి కన్నా నయం అనుకుని తీసుకున్నాను.

ఇంటికి తెచ్చాక ముందు చూసింది వీటెక్. ఐదు వేల ఆర్పీఎం దాటినా గొంతు మారడం లేదు. హెడ్డు (ఇంజన్ పైభాగం) వెనకవైపు ఉన్న సోలినాయిడ్‌ని మల్టీమీటరుతో చూస్తే ఓములు సరిగ్గానే ఉన్నాయి. అది ఊడదీస్తే దాని కింద గ్యాస్కెట్‌తో కలిసి ఉండే చిన్న జాలీ కనబడింది. దాని నిండా నల్లటి జిడ్డు గడ్డకట్టి ఉంది. ఆయిలు దాటే దారే లేదు. మొదటి ఆదివారం దొరికిన ఆ జాలీ మొత్తం కథకి సూచన అని నాకు అప్పుడు తట్టలేదు. ఆయిలు సరైన సమయానికి మార్చని ఇంజన్లో జాలీ ఒక్కటే పాడవదు కదా.

పొగ రెండు రకాలు. రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక బుస కొట్టి ఆగితే అది వాల్వుల దగ్గర ఆయిలు లోపలికి దిగకుండా ఆపే సీళ్ళ పని. బరువు మీద ఎక్కించి లాగుతున్నప్పుడు అద్దంలో వెనక తెర కట్టినట్టు కనబడితే అది పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పని. నా బండిలో రెండూ ఉన్నాయి. సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటుందో చూపే కంప్రెషన్ గేజ్ కొని నాలుగు ప్లగ్గులూ తీసి, ఫ్యూయెల్ ఆపి, ఆక్సిలేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టించాను. తొక్కింది మా ఆవిడ, నోటుపుస్తకంలో రాసింది మా పదేళ్ళ అమ్మాయి. 175, 170, 120, 168. హోండా లెక్కలో కనీసం 135 పీఎస్ఐ ఉండాలి, సిలిండరుకీ సిలిండరుకీ 28 కన్నా తేడా ఉండకూడదు. మూడోది రెండు పరీక్షల్లోనూ తప్పింది. ఆ సిలిండర్లో చెంచాడు ఇంజన్ ఆయిలు పోసి మళ్ళీ చూస్తే 160కి లేచింది. వాల్వు లీకయితే ఆయిలు పోసినా అంకె పెద్దగా లేవదు. లేచిందంటే గాలి రింగుల పక్కనుంచి పోతున్నట్టు.

మార్చిలో ఇంజన్ బండిలో ఉండగానే పని మొదలుపెట్టాను. హెడ్డు దించి, కింద సైలెన్సర్ పైపు విప్పి, ఆయిలు నిలిచే కింది చాంబర్ తీసేస్తే కనెక్టింగ్ రాడ్ల టోపీలు చేతికి అందుతాయి. పిస్టన్లని పైనుంచి లాగేయొచ్చు. రెండో శనివారాలు, నాలుగో శనివారాలు, ఆదివారాలు, ఉగాది సెలవు అన్నీ దానికే పెట్టాను. అమ్మాయి జిప్ కవర్ల మీద పేర్లు రాసేది. "రాడ్డు టోపీ 2, బెల్టు వైపు" అని ఆమె రాసిన కవర్లు ఇప్పటికీ దాచుకున్నాను.

హెడ్డు చదును ఆటోనగర్లో చూపించాను, బాగానే ఉంది. వాల్వులు ఇంట్లోనే లాపింగ్ పేస్టుతో రుద్దాను. పదహారు వాల్వులకి రెండు సాయంత్రాలు పట్టింది. సీళ్ళు మార్చేటప్పుడు చూసుకోవాల్సింది ఒకటుంది. తెల్ల స్ప్రింగు ఉన్నవి ఇన్‌టేక్‌కి, నల్ల స్ప్రింగువి ఎగ్జాస్ట్‌కి. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి తొందరలో కలిపేయడం చాలా సులువు.

ఇక తప్పు చేసిన చోటు. మూడో సిలిండర్ గోడ మీద పైనుంచి కిందకి వేలు జరుపుతుంటే పై అంచు దగ్గర గోరు తగిలింది. రింగు తిరిగే మేర గోడ అరిగి, రింగు చేరని పైభాగం అరగకుండా మిగిలితే అక్కడ చిన్న మెట్టు ఏర్పడుతుంది. పుస్తకంలో చదివిన విషయమే, డిప్లొమా పరీక్షలో రాసిన విషయమే. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, కొలిచే బోర్ గేజ్ నా దగ్గర లేదు. బ్లాకు, అంటే సిలిండర్లు ఉండే ఇంజన్ మొండెం, బండిలోనే ఉంది. దాన్ని దించి ఆటోనగర్ తీసుకెళ్ళాలంటే ఇంకో నెల. ఆ మెట్టు మీద వేలు పెట్టి కాసేపు కూర్చుని, "ఇంత చిన్నదానికి ఏమవుతుందిలే" అనుకున్నాను. డ్రిల్లుకి హోనింగ్ బ్రష్ తగిలించి గోడలకి అడ్డగీతలు కొట్టి, స్టాండర్డ్ సైజు కొత్త రింగులు వేసి మూసేశాను.

బండి స్టార్టయింది. పొద్దుటి పొగ పోయింది. వారం రోజులు ఆనందంగా ఆఫీసుకి వేసుకెళ్ళాను. ఏడు వందల కిలోమీటర్లకి డిప్‌స్టిక్ తీసి చూస్తే పై గీత దగ్గర ఉండాల్సిన ఆయిలు కింది గీతకి దిగిపోయింది. మళ్ళీ గేజ్ పెట్టాను. మిగతా మూడు సిలిండర్లు 180 చూపించాయి. మూడోది 140 దగ్గర ఆగిపోయింది. ఆ రాత్రి నేను అన్నం సరిగ్గా తినలేదు. డబ్బు గురించి కాదు. గోరుకి తగిలిన మెట్టు నాకు ముందే చెప్పింది, నేను వినలేదు. బాధంతా అదే.

ఆటోనగర్లో లారీ ఇంజన్ బ్లాకులకి బోరు కొట్టే, అంటే సిలిండర్లని లోపల తొలిచి గుండ్రం చేసే, ఒక పాత లేత్ షాపు ఉంది. అక్కడి మేస్త్రిగారికి అరవై దాటి ఉంటాయి. వెళ్ళి సంగతంతా చెప్పాను. రింగులు కొత్తవి, హోనింగ్ చేశాను, సీళ్ళు మార్చాను, అయినా ఇలా ఉంది అన్నాను.

"బోరు ఎంతుంది బాబూ?" అన్నారు.

"కొలవలేదండీ."

ఆయన మిషను ఆపి నా వైపు తిరిగారు. "కొలవకుండా రింగు ఎలా వేశావ్? రింగు గుండ్రంగా ఉంటది. నీ బోరు గుండ్రంగా ఉందని నీకెవరు చెప్పారు?" కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగారు. తర్వాత, "బ్లాకు తీసుకురా. నోటితో చెబితే బోరు తెలవదు" అని మళ్ళీ మిషను వేసుకున్నారు.

పక్క వీధి మెకానిక్ ఒకతను ఇంకో దారి చూపించాడు. ఎక్కడో తుక్కుకి వేసిన సిటీ ఉందని, దాని హాఫ్ ఇంజన్ (హెడ్డు లేని కింది సగం) తెచ్చి రెండు రోజుల్లో ఎక్కించేస్తానని అన్నాడు. ఇంజన్ నంబరు ఉండేది బ్లాకు మీదే. బ్లాకు మారితే ఆర్సీలో మార్పించుకోవాలి. నా బండికి పదిహేనేళ్ళు దాటి, ఫిట్‌నెస్ చూపించి రిన్యూవల్ చేయించిన ఆర్సీ ఉంది. ఆ నంబరుని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. పైగా తుక్కు ఇంజన్ బోరు మాత్రం ఎవరు కొలిచారు?

మే నెలలో ఇంజన్ దించాను. బోరుబావుల మోటార్లు పైకి లాగేవాళ్ళ దగ్గర మూడు కాళ్ళ ఇనప స్టాండు, చైన్ పుల్లీ ఉంటాయి. రోజుకింతని అద్దెకి ఇస్తారు. నీళ్ళ మోటారుతోపాటు రెండు వందల అడుగుల పైపులు లాగే ఆ స్టాండుకి ఈ అల్యూమినియం ఇంజన్ ఒక లెక్క కాదు. రేడియేటర్ తీసేసి, యాక్సిల్ షాఫ్టులు గేర్‌బాక్సు నుంచి లాగి, వైరింగ్ సాకెట్లన్నిటికీ రంగు టేపులు చుట్టి, మౌంటింగులు వదిలిస్తే ఇంజనూ గేర్‌బాక్సూ కలిసి పైకి వచ్చాయి. ఈ పనిలో నన్ను నిజంగా సతాయించింది ఒక్కటే, క్రాంక్ పుల్లీ బోల్టు (క్రాంకు అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు). చాలా బండ్లకి పొడవు రాడ్డు నేలకి ఆనించి సెల్ఫ్ కొడితే ఆ బోల్టు దానంతట అదే వదులుతుంది. డీ సిరీస్ అనే ఈ హోండా ఇంజన్ పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారానికి ఎదురు తిరుగుతుంది కాబట్టి ఆ కిటుకు పనికిరాదు, ఇంకా బిగుస్తుంది. పుల్లీ మధ్యలో ఉండే ఆరుపలకల రంధ్రంలో పట్టే హోల్డరు చేయించుకుని, పానాకి నాలుగడుగుల జీఐ పైపు తొడిగి, నేనూ మా బావమరిదీ కలిసి వేలాడితే తుపాకీ పేలినట్టు శబ్దం చేసి వదిలింది.

బ్లాకుని ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్ళాను. మేస్త్రిగారు డయల్ బోర్ గేజ్ తీసి ప్రతి సిలిండర్లో పైన, మధ్యలో, కింద మూడు చోట్ల, ఒక్కో చోట రెండు దిక్కుల్లో కొలిచారు. ఇరవై నాలుగు అంకెలు. ఆయన చెబుతుంటే నేను రాసుకున్నాను. ఈ ఇంజన్ స్టాండర్డ్ బోరు 75.00 నుంచి 75.02 మిల్లీమీటర్లు. అరుగుదల 75.07 దాకా ఒప్పుకుంటారు. పైకీ కిందకీ తేడా 0.05 దాటకూడదు. నా మూడో సిలిండర్ పైభాగంలో, బండి ముందూ వెనకల దిక్కుగా 75.09. అదే ఎత్తులో క్రాంకు పొడవు దిక్కుగా 75.03. కింద 75.02.

నేను ఆ అంకెల్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. మంట పేలి పిస్టన్ కిందకి దిగేటప్పుడు కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగా ఉంటుంది, అందుకని పిస్టన్ ఒక పక్క గోడకి ఒత్తుకుంటూ దిగుతుంది. లక్ష కిలోమీటర్లు పైబడి, పాత ఆయిలుతో, ఒకే పక్క ఒత్తుకుంటూ దిగితే బోరు కోడిగుడ్డులా సాగుతుంది. గుండ్రటి కొత్త రింగు ఆ గుడ్డు గోడకి రెండు వైపుల ఆనుతుంది, మిగతా రెండు వైపుల సందు వదులుతుంది. నేను మార్చిలో పెట్టిన రింగులకి ఏ లోపం లేదు. వాటిని ఉండలేని చోట పెట్టాను.

నాలుగు సిలిండర్లనీ స్టాండర్డ్ కన్నా 0.25 మిల్లీమీటర్లు పెద్దగా, అంటే 0.25 ఓవర్‌సైజుకి బోరు చేయాలని తేలింది. నేను వెంటనే మొదలుపెట్టమన్నాను. మేస్త్రిగారు ఒప్పుకోలేదు. "పిస్టన్లు వచ్చాకే బోరు. పిస్టన్ కొలిచి దానికి తగ్గట్టు బోరు కొట్టాలి గానీ, బోరు కొట్టి పిస్టన్ కోసం వెతుకుతామా?" ఢిల్లీ కశ్మీరీ గేట్ మార్కెట్ నుంచి తెప్పించుకున్న మొదటి సెట్టు పెట్టె విప్పి పాత పిస్టన్ పక్కన పెడితే పైభాగం మలిచిన తీరు వేరుగా ఉంది. పంపింది 1.3 లీటర్ సిటీవి. ఆ ఇంజన్ బోరు కూడా 75 మిల్లీమీటర్లే కావడంతో సైజు చూసి పంపేశారు. తిప్పి పంపి సరైనవి వచ్చేసరికి ఇంకో పద్దెనిమిది రోజులు. కానీ ఈసారి ఆ పద్దెనిమిది రోజులూ నాకు భారంగా అనిపించలేదు. మార్చిలోలా తొందరపడి ముందే బోరు కొట్టించేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటూ గడిపాను.

కొత్త పిస్టన్లు వచ్చాక మేస్త్రిగారు ఒక్కోదాన్నీ స్కర్టు (కింది భాగం) దగ్గర మైక్రోమీటరుతో కొలిచి, పైన ఒకటి రెండు మూడు నాలుగు అని రాసి, ఏ పిస్టన్‌కి ఆ బోరు కొట్టారు. పిస్టన్‌కీ గోడకీ మధ్య మిల్లీమీటరులో నూరో వంతులు మూడు. తల వెంట్రుక మందం కూడా కాదు. చివర్లో నూనె పూసిన పిస్టన్‌ని రింగులు లేకుండా బోరులో వదిలి చూపించారు. పడిపోలేదు, ఆగిపోలేదు, నెమ్మదిగా దిగింది. "గేజు చెప్పాలి, చెయ్యి ఒప్పుకోవాలి" అన్నారు. మార్చిలో చెయ్యి చెప్పినప్పుడు గేజు పెట్టనివాణ్ణి నేను.

ఇంటికి తెచ్చిన బ్లాకుని కడగడం గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. హోనింగ్ రాళ్ళ పొడి ఆ అడ్డగీతల్లో కూర్చుంటుంది. పెట్రోలు, డీజిలు పోసి తుడిస్తే జిడ్డు పోతుంది, పొడి అక్కడే ఉంటుంది. అది మిగిలిపోతే కొత్త రింగుల్ని గరుకు కాగితంలా తినేస్తుంది. దాన్ని బయటకి లాగేది వేడి నీళ్ళు, బట్టల సబ్బు, బ్రష్షు. మా అమ్మ గంగాళంలో నీళ్ళు కాచి ఇచ్చింది. నాన్న పాత పంచె చింపి ఆ తెల్ల గుడ్డతో గోడ తుడిస్తే మొదటిసారి బూడిద రంగు వచ్చింది. మళ్ళీ సబ్బు, మళ్ళీ నీళ్ళు. ఐదోసారికి గుడ్డ తెల్లగా వచ్చింది. వెంటనే ఆరబెట్టి ఇంజన్ ఆయిలు పట్టించాను. పది నిమిషాలు వదిలేస్తే చాలు, సిలిండర్ గోడగా ఉండే ఇనప స్లీవు మీద తుప్పు పొర కనిపిస్తుంది.

బేరింగుల విషయంలో హోండావాళ్ళ పద్ధతి నాకు చాలా నచ్చింది. బ్లాకు మీదా క్రాంకు మీదా అక్షరాలూ అంకెలూ కొట్టి ఉంటాయి. రెండూ కలిపి పట్టికలో చూస్తే ఏ రంగు బేరింగు వేయాలో చెబుతుంది. అన్నిటికన్నా పల్చనిది ఎరుపు, తర్వాత గులాబీ, పసుపు, ఆకుపచ్చ, గోధుమ, నలుపు, అన్నిటికన్నా మందం నీలం. తేడాలు మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో ఉంటాయి. అయినా పట్టికని నమ్మి ఊరుకోలేదు. ప్లాస్టిగేజ్ అని సన్నటి మైనం దారంలాంటిది దొరుకుతుంది. దాన్ని క్రాంకు జర్నల్ (బేరింగులో తిరిగే భాగం) మీద పెట్టి టోపీ బిగించి మళ్ళీ విప్పితే దారం నలిగి వెడల్పవుతుంది. ఆ వెడల్పుని కాగితం స్కేలుతో పోల్చితే సందు ఎంతో తెలుస్తుంది. నాలుగు రాడ్లూ 0.03కి అటూ ఇటూగా వచ్చాయి. అమ్మాయి ఆ నలిగిన దారపు ముక్కల్ని కూడా నోటుపుస్తకంలో అతికించింది.

రింగుల్ని బోరులో పెట్టి, తిరగేసిన పిస్టన్‌తో లోపలికి సమంగా నెట్టి, కొసల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో చూశాను. పై రింగుకి 0.15 నుంచి 0.30, రెండోదానికి 0.30 నుంచి 0.45 మిల్లీమీటర్లు ఉండాలి. పన్నెండు చోట్లా చూసి రాసుకున్నాకే పిస్టన్లకి ఎక్కించాను. మూడో పిస్టన్ దింపుతుండగా సగంలో పట్టేసింది. సుత్తి పిడితో ఇంకొంచెం గట్టిగా కొడితే దిగిపోతుందని చెయ్యి అంటోంది. కొట్టలేదు. పైకి లాగి చూస్తే ఆయిల్ రింగు పల్చటి పట్టీ ఒకటి గాడిలోంచి బయటకి వచ్చి బ్లాకు అంచుకి తగిలి ఉంది. కొట్టి ఉంటే అది విరిగి గోడంతా గీరేది.

టైమింగ్ బెల్ట్ దగ్గర నేను మూడుసార్లు సరిచూశాను. ఈ ఇంజన్లో బెల్టు గాడి తప్పితే వాల్వులు పిస్టన్లకి తగులుతాయి. క్యామ్ పుల్లీ మీద ‘అప్’ గుర్తు పైకి, పక్క గీతలు రెండూ హెడ్డు అంచుతో సమానంగా ఉండాలి. బెల్టు వేశాక క్రాంకుని చేత్తో ఐదారు చుట్లు దాని దిక్కుకే, అంటే గడియారానికి ఎదురుగా తిప్పాలి. తర్వాత బెల్టుని బిగుతుగా ఉంచే టెన్షనర్ బోల్టు వదులు చేసి, క్యామ్ పుల్లీ మూడు పళ్ళు జరిగేంత తిప్పి బిగించాలి. అప్పుడే బెల్టు లాగుడు సరిగ్గా కుదురుతుంది.

ట్యాపెట్ల సెట్టింగుకి, అంటే రాకర్లకీ వాల్వులకీ మధ్య సందు పెట్టడానికి, ఒక చిత్రమైన ఇబ్బంది వచ్చింది. హెడ్డు 38 డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడే సందు చూడాలని హోండా మాన్యువల్ చెబుతుంది. విజయవాడ మే నెలాఖరులో మధ్యాహ్నం పోర్టికో నీడలోనే అంతకు మించి ఉంటుంది. చేత్తో ముట్టుకుంటే ఆగి ఉన్న ఇంజన్ కూడా వెచ్చగా తగులుతుంది. అందుకని తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, ట్యూబులైటు వెలుగులో ఇన్‌టేక్‌కి 0.20, ఎగ్జాస్ట్‌కి 0.25 పెట్టుకుంటూ పదహారూ పూర్తి చేశాను. పాలబ్బాయి వచ్చి గేటు దగ్గర నిలబడి చూసి వెళ్ళేవాడు.

జూన్ రెండో ఆదివారం. ప్లగ్గులు వేయకుండా, ఫ్యూయెల్ లేకుండా, ఆయిల్ లైటు ఆరేదాకా ముందు సెల్ఫ్ కొట్టాను. తర్వాత ప్లగ్గులు బిగించి అసలు స్టార్ట్. రెండో తిప్పుకి అందుకుంది. కొత్త గ్యాస్కెట్ల మీద చేతుల జిడ్డు కాలి కాసేపు తెల్ల పొగ వచ్చింది, అదీ పోయింది. కూలెంట్‌లో గాలి పోయేదాకా నిలబెట్టి, చల్లారాక లెవెల్స్ చూసి, చీకటి పడేలోపే రోడ్డెక్కించాను.

కొత్త రింగులు గోడకి కుదురుకోవడానికి బండిని మెత్తగా దేకించడం మంచిదని చాలామంది అంటారు. నా అనుభవం అది కాదు. రింగుని గోడకేసి నొక్కేది దాని వెనక చేరే మంట ఒత్తిడే, బరువు పడకపోతే ఆ ఒత్తిడి రాదు. బందరు రోడ్డు మీద కంకిపాడు దాటాక ట్రాఫిక్ పల్చబడుతుంది. అక్కడ నాలుగో గేర్లో రెండున్నర వేల నుంచి నాలుగు వేల దాకా గట్టిగా ఎక్కించి, ఆక్సిలేటర్ పూర్తిగా వదిలేసి మళ్ళీ రెండున్నర వేలకి దానంతట అదే దిగనివ్వడం. ఉయ్యూరు దాకా ఇలా పది పన్నెండుసార్లు, తిరిగి వచ్చేటప్పుడు పది పన్నెండుసార్లు. అద్దంలో వెనక ఏమీ లేదు, రోడ్డు, రెండు పక్కల పొలాలు తప్ప. ఎనభై కిలోమీటర్లకే మొదటి ఆయిలు తీసేశాను. ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూస్తే సన్నటి మెరుపు పొడి కొంచెం, ముక్కలు లేవు. ఐదు వందలకి మళ్ళీ మార్చాను, ఈసారి మెరుపు కూడా దాదాపు లేదు.

పదిహేను వందల కిలోమీటర్లు నిండేదాకా నాలుగున్నర వేలు దాటించలేదు. జూలైలో ఒక ఆదివారం పొద్దున్నే, అమ్మాయిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, పామర్రు వైపు ఖాళీ రోడ్డు మీద రెండో గేర్లో పూర్తిగా తొక్కాను. సూది ఐదు వేలు దాటిన కాసేపటికి ఇంజన్ శబ్దం ఒక్కసారిగా పలచబడి గట్టిపడింది, బండి ఇంకో చెయ్యి వేసి లాగినట్టు ముందుకి వెళ్ళింది. "నాన్నా, ఇదేనా?" అంది. "ఇదేనమ్మా" అన్నాను. తర్వాత కొంతసేపు మాట్లాడలేకపోయాను.

ఖర్చు రెండు విడతలూ కలిపి తొంభై రెండు వేలు అయింది. అందులో మార్చిలో వేసి పారేసిన రింగులు, రెండోసారి కొన్న గ్యాస్కెట్ సెట్టు, ఆయిళ్ళు కలిపితే పందొమ్మిది వేలు. టార్క్ రెంచ్, కంప్రెషన్ గేజ్, ఫీలర్ గేజ్‌లు ఈ లెక్కలో లేవు, అవి ఇంట్లో ఉన్నాయి. వాటి పక్కన ఇప్పుడు ఒక బోర్ గేజ్ కూడా చేరింది. మేస్త్రిగారే ఏది కొనాలో చెప్పి, ఎలా పట్టుకోవాలో ఒక సాయంత్రం కూర్చోబెట్టి నేర్పారు. కచ్చితమైన కొలత ఉన్న రింగ్ గేజ్‌లో సున్నా పెట్టుకోవడం, సిలిండర్లో మెల్లగా ఊపుతూ సూది వెనక్కి తిరిగే చోటు పట్టుకోవడం, ఒకే చోట మూడుసార్లు ఒకే అంకె వస్తే తప్ప రాయకపోవడం.

మొన్న రెండు వేల కిలోమీటర్ల దగ్గర మళ్ళీ కంప్రెషన్ చూశాం. డిప్‌స్టిక్ మీద ఆయిలు పై గీత నుంచి కదల్లేదు. 186, 188, 187, 188. అమ్మాయి మార్చి నాటి పేజీ తిప్పి, 140 పక్కనే 187 రాసి, కింద తేదీ వేసింది. మూడో గేరుకి దించేటప్పుడు కొంచెం గరగర ఉంది, గేరు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగు అరిగినట్టుంది. దసరా సెలవుల్లో గేర్‌బాక్సు దించుతాను. ఆ మూడు కాళ్ళ స్టాండు అద్దెకి ఇప్పుడే చెప్పి ఉంచాను.